జూదం అప్పు తీర్చడానికి జకాత్ ఇవ్వవచ్చా?

మన సొసైటీకి ఏటా వచ్చే దరఖాస్తుల్లో "అప్పుల బాధ" అని రాసినవి కొన్ని ఉంటాయి. ఆ ఇళ్లకు వెళ్లి, విచారించి, కమిటీకి కాగితం రాసిచ్చే పని కొన్నేళ్లుగా నాకు అప్పగించారు. ఆడవాళ్లు ఆడవాళ్లతోనే మనసు విప్పుతారని ఒక కారణం. ఆ వీధుల్లో సగంమంది పిల్లలు నా దగ్గర లెక్కలు నేర్చుకున్నవాళ్లే కావడం రెండో కారణం. "అప్పు ఎందుకైంది" అన్న గడిలో ఎప్పుడూ మూడు మాటలే కనిపిస్తాయి: ఆసుపత్రి ఖర్చు, ఆడపిల్ల పెళ్లి, వ్యాపారంలో నష్టం. నాలుగో కారణం ఎవరూ రాయరు.

మూడేళ్ల కిందట "వ్యాపారంలో నష్టం" అని వచ్చిన ఒక దరఖాస్తును నేనే సిఫారసు చేశాను. ఏసీలు, ఫ్రిజ్‌లు బాగుచేసే కుర్రవాడు. పదో తరగతి దాకా నా దగ్గరే చదివాడు, పనిమంతుడు. పెళ్లయి ఒక పాప. విచారణకు వెళ్లిన రోజు ఇల్లు శుభ్రంగా ఉంది, తల్లి టీ ఇచ్చింది, భార్య తలుపు చాటున నిలబడి ఒక్క మాటా మాట్లాడలేదు. ఆ మౌనం దగ్గర నేను ఆగి ఉండాల్సింది. ఆగలేదు. కమిటీ 45,000 రూపాయలకు అతని పేరిటే చెక్కు రాసిచ్చింది.

ఇరవై రోజులు తిరక్కముందే మగ్రిబ్ తర్వాత తల్లి మా ఇంటికి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఆపా, మీరిచ్చింది కూడా పోయింది. వాడు ఏ వ్యాపారమూ చేయలేదు. సెల్లులో ఆడతాడు. అప్పుడు మీకు చెప్పొద్దని కాళ్లు పట్టుకున్నాడు, చెప్పలేదు. నాదే తప్పు" అంది. మొదటిసారి నేను వెళ్లినప్పుడు ఆమె చేతికి ఉన్న రెండు బంగారు గాజులు ఆ రోజు లేవు.

ఆ 45,000లో మీ జకాత్ ఉంది, నాదీ ఉంది. ఎవరి అప్పూ తీరలేదు. అందుకే ఈ సంవత్సరం సంచికకు విద్య గురించి రాయమని అడిగినా, దాతలైన మీతో ఈ సంగతి పంచుకోవడమే సరైనదనిపించింది. జూదం హరామ్ అని మీకు నేను చెప్పనక్కరలేదు. ఆ మాట చెప్పి ఊరుకోవడం వల్ల ఆ ఇంట్లో ఏం జరిగిందో, ఏం జరగలేదో చూశాను కనుక, ఆ మాట తర్వాత చేయవలసిన పని గురించే రాస్తున్నాను.

ఫోనులోకి వచ్చిన పేకముక్క

మా చిన్నప్పుడు జూదానికి ఒక చోటుండేది. రాయలసీమ పట్టణాల్లో మట్కా చీటీలు రాసే బంకు, ఊరి బయట తోటలో మూడు ముక్కలాట, పెద్దవాళ్లకు క్లబ్బులో రమ్మీ, సంక్రాంతికి గోదావరి జిల్లాల్లో కోడిపందేల బరి. ఆడాలంటే ఇల్లు దాటి వెళ్లాలి. వెళ్తుంటే నలుగురూ చూస్తారు. మసీదులో ఎవరో ఒక పెద్దాయన భుజం మీద చెయ్యి వేసి అడుగుతాడు. జేబు ఖాళీ అయితే లేచి రావాల్సిందే.

ఇప్పుడు ఆ అడ్డంకులేవీ లేవు. దుప్పటి కింద ఆట, అరచేతిలో బ్యాంకు. జేబు ఖాళీ అయిన క్షణానే అప్పిచ్చే యాప్ కూడా అదే ఫోనులో ఉంది. క్రికెట్ మీద పందెం కట్టాలంటే ఎవరో ఒక "ఐడీ" ఇస్తాడు, డబ్బు ఫోన్‌పేలో పంపితే ఖాతాలో పాయింట్లు పడతాయి. మ్యాచ్ ఎవరు గెలుస్తారన్నది ఒక్కటే కాదు. రాబోయే ఆరు ఓవర్లలో ఎన్ని పరుగులొస్తాయని కూడా కాస్తారు, దాన్ని సెషన్ అంటారు. అంటే ఒక్క మ్యాచ్‌లో పదిసార్లు ఓడిపోవచ్చు. మ్యాచ్ లేని వేళ రంగు చెప్పే ఆట ఉంది, విమానం ఎగిరే ఆట ఉంది. విమానం పైకి వెళ్తున్నకొద్దీ డబ్బు పెరుగుతుంది, అది మాయమయ్యేలోపు వెనక్కు తీసుకోవాలి. ఒక్కో ఆట నిమిషం కూడా పట్టదు.

చట్టం ఏం చేస్తోందని మీరు అడగవచ్చు. రమ్మీలో నైపుణ్యం ఉందన్న మాట మన దగ్గరి నుంచే బయలుదేరింది. సికింద్రాబాదులోని ఒక క్లబ్బు మీద పెట్టిన కేసులో 1960ల చివర సుప్రీంకోర్టు అలా చెప్పింది. తర్వాత ఆన్‌లైన్ కంపెనీలు దాన్నే గొడుగుగా పట్టుకున్నాయి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలను సవరించి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ ఒక చట్టం చేసింది. నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడా లేకుండా డబ్బు పందెంగా పెట్టే ఆన్‌లైన్ ఆట ఏదైనా అందులో నిషేధమే. నడిపేవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ప్రకటనలు ఇచ్చేవారికీ శిక్ష ఉంది. ఆ చట్టంలో ఆడినవాడికి శిక్ష లేదు. రాష్ట్ర చట్టాల్లో మాత్రం ఆడినవారి మీదా కేసు పెట్టవచ్చు. పేరున్న కంపెనీలు డబ్బు ఆటలు ఆపేశాయి. విదేశాల నుంచి నడిచే యాప్‌లు, ఐడీలు ఇచ్చే ఏజెంట్లు ఆపలేదు. ఒక పేరు మూస్తే ఇంకో పేరుతో లింకు వస్తుంది.

ఎందుకు మానలేడు?

"ఇంత నష్టపోయాక కూడా బుద్ధి రాలేదా?" కమిటీలో నేనూ ఈ మాటే అన్నాను. అన్న తర్వాత ఇంటికొచ్చి బీఈడీ పాత పుస్తకం తీశాను. స్కిన్నర్ పావురాల పాఠం మీలో ఉపాధ్యాయులకు గుర్తుండే ఉంటుంది. మీట నొక్కిన ప్రతిసారీ గింజ పడితే, గింజలు ఆగిపోయిన కాసేపటికి పావురం నొక్కడం మానేస్తుంది. ఎప్పుడు పడుతుందో తెలియకుండా, ఒకసారి మూడు నొక్కుళ్లకు, మరోసారి నలభైకి గింజ పడేలా చేస్తే మాత్రం అది ఆగకుండా నొక్కుతూనే ఉంటుంది. గింజలు పూర్తిగా ఆపేసినా చాలాసేపు నొక్కుతుంది. క్లాసులో అప్పుడప్పుడు మెచ్చుకోవడం పిల్లవాడిని ఎలా నిలబెడుతుందో చెప్పడానికి ఈ పాఠం మాకు నేర్పారు. అదే సూత్రం మీద జూదం యాప్ నడుస్తుందని అప్పట్లో మాకెవరూ చెప్పలేదు, అప్పుడు యాప్‌లూ లేవు.

దీనికి తోడు "కొద్దిలో తప్పిపోయింది" అన్న భ్రమ ఒకటి. రెండు పరుగుల తేడాతో సెషన్ పోతే లెక్క ప్రకారం అది ఓటమే. ఆడేవాడి మెదడు మాత్రం దాన్ని సగం గెలుపుగా తీసుకుని, ఇంకొక్కసారి అంటుంది. పోయినదాన్ని ఈ రాత్రికే రాబట్టుకోవాలన్న తహతహ ఆ పైన. మొదట సరదా కోసం ఆడినవాడు చివరికి అప్పు తీర్చడం కోసం ఆడతాడు.

లెక్కల టీచరుగా ఒక లెక్క చెప్పకుండా ఉండలేను. కొంతమంది కలిసి మొత్తం 10,000 రూపాయలతో ఆడుతున్నారనుకుందాం. ప్రతి ఆటకూ మొత్తం డబ్బు పందెంలో ఉంది, నడిపేవాడు తన వాటాగా పదిశాతం తీసుకుంటాడు. మొదటి ఆట తర్వాత బల్ల మీద మిగిలేది 9,000. తర్వాత 8,100. తర్వాత 7,290. ఏడో ఆట ముగిసేసరికి 4,783. ఆటగాళ్లలో ఎవరు గొప్పగా ఆడారు, ఎవరికి అదృష్టం కలిసొచ్చింది అన్నది ఈ లెక్కలో ఎక్కడా లేదు. డబ్బు ఎవరి చేతులు మారినా సగానికి పైగా నడిపేవాడి ఇంటికి చేరింది. పందెం చిన్నదైతే సగం కావడానికి ఇంకొన్ని ఆటలు పడుతుంది, అంతే తేడా. పదో తరగతిలో గుణశ్రేఢి చెప్పేటప్పుడు ఇప్పుడు ఈ ఉదాహరణే ఇస్తున్నాను. వెనక బెంచీలవాళ్లు కూడా తలెత్తి వింటారు.

గెలిచినవాళ్లు లేరా అంటే ఉన్నారు. గల్ఫ్‌లో పనిచేసే మనవాళ్లకు అబుదాబి లాటరీ తగిలితే తెలుగు పేపర్లలో ఫొటోతో సహా వస్తుంది. నెలనెలా టికెట్టు కొని ఏమీ రానివాళ్ల ఫొటోలు వేయడానికి ఏ పేపరుకూ చోటు చాలదు.

ఇది కేవలం బుద్ధిలేనితనం అయితే మందలింపుతో పోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టికలో జూద వ్యసనానికి విడిగా చోటు ఉంది. అమెరికా మానసిక వైద్యులు 2013లో తమ పట్టికను సవరించినప్పుడు దీన్ని మద్యం, మాదకద్రవ్యాల వ్యసనాల సరసన చేర్చారు. జబ్బు అన్నంత మాత్రాన పాపం కాకుండా పోదు. తాగుడుకు బానిసైనవాడిని మనం తౌబా చేయమంటాం, ఆసుపత్రికీ తీసుకెళ్తాం. ఇక్కడా అంతే.

తొమ్మిదో లక్షణం

ఆ పట్టికలో డాక్టర్లు తొమ్మిది లక్షణాలు రాశారు. ఒక సంవత్సరంలో నాలుగు కనిపిస్తే వ్యసనం కిందే లెక్క. అదే సరదా రావాలంటే పందెం పెంచుతూ పోవాల్సి రావడం, తగ్గించబోతే చిరాకు, మానాలని చాలాసార్లు ప్రయత్నించి మానలేకపోవడం, ఎప్పుడూ అదే ధ్యాస, మనసు బాగోనప్పుడు దానివైపే పరుగు, పోయినదాన్ని రాబట్టుకోవడానికి మర్నాడే మళ్లీ ఆడటం, దాచడానికి అబద్ధాలు, పని, చదువు, కాపురం చెడగొట్టుకోవడం. ఇవి ఎనిమిది. తొమ్మిదోది చదివి నేను పుస్తకం మూసేశాను. జూదం తెచ్చిపెట్టిన డబ్బు ఇబ్బంది నుంచి గట్టెక్కించమని ఇతరుల మీద ఆధారపడటం.

అంటే మన ఆఫీసుకు వచ్చిన ఆ దరఖాస్తే జబ్బు లక్షణం. మనం దానికి చెక్కు జతచేసి పంపాం.

దాని ఫలితం ఎలా ఉంటుందో ఆ కుర్రవాడే తర్వాత నాకు చెప్పాడు. "టీచర్, చెక్కు చేతికి వచ్చిన రోజు నిజంగానే ఏడ్చాను. యాప్ అప్పులు రెండు తీర్చేశాను. తీర్చిన గంటకే వాళ్లు మళ్లీ ఎక్కువ లిమిట్ ఇచ్చారు. మిగిలినదానితో అమ్మ గాజులు విడిపించాలనుకున్నా. ఒక్క మ్యాచ్ ఆడితే రెండూ అయిపోతాయనిపించింది" అన్నాడు. వాడు అబద్ధం చెప్పాడని నేననుకోను. ఏడ్చిందీ నిజమే, ఆడిందీ నిజమే.

అన్ని లక్షణాలూ గుర్తుపెట్టుకోనక్కరలేదు. వైద్యులు తొలి పరీక్షగా వాడే రెండు ప్రశ్నలున్నాయి. పందెం మొత్తం పెంచుకుంటూ పోవాలని ఎప్పుడైనా అనిపించిందా? ఎంత ఆడుతున్నావో ఇంట్లోవాళ్లకు అబద్ధం చెప్పాల్సి వచ్చిందా? రెండింటిలో ఒక్కదానికి అవునన్నా డాక్టరును కలవాలి. ఇళ్లకు వెళ్లినప్పుడు ఈ రెండూ ఇప్పుడు నేను అడుగుతున్నాను, నిలదీసినట్టు కాకుండా, జ్వరం ఎప్పటినుంచి అని అడిగినట్టు.

"బాధ్యతగా ఆడండి"

ప్రకటన చివర ఊపిరి తీసుకోకుండా చదివే ఆ వాక్యం మీరు వినే ఉంటారు. ఆర్థిక నష్టం ఉండవచ్చు, వ్యసనం కావచ్చు, బాధ్యతగా ఆడండి అని. 2020 చివర్లో ప్రకటనల నియంత్రణ మండలి పెట్టిన నిబంధన వల్ల ఆ హెచ్చరిక చేర్చారు. జూదానికి అనుమతి ఉన్న దేశాల్లో ఆ మాట వెనుక కొన్ని ఏర్పాట్లు కూడా ఉన్నాయి. బ్రిటన్‌లో క్రెడిట్ కార్డుతో జూదం ఆడటాన్ని 2020 ఏప్రిల్‌లో ఆపేశారు. తన పేరు ఒక్కచోట నమోదు చేసుకుంటే లైసెన్సు ఉన్న ఏ ఆన్‌లైన్ సంస్థా ఆడనివ్వకూడదన్న పద్ధతి ఉంది. మన తెలుగువాళ్లు చాలామంది ఉండే సింగపూర్‌లో కుటుంబసభ్యులే అర్జీ పెట్టి ఇంటి మనిషిని కాసినోలోకి రానివ్వకుండా ఉత్తర్వు తెచ్చుకోవచ్చు. అది నాకు నచ్చింది. భార్య మాటకు చట్టంలో చోటిచ్చారు.

మన దగ్గర ఐడీ ఇచ్చే ఏజెంటుకు అలాంటి చిరునామా ఏదీ లేదు, ఎవరికి అర్జీ పెడతాం? పైగా వ్యసనం పట్టినవాడికి "కొంచెమే ఆడు" అన్న సలహా పనికిరాదు. హద్దు పెట్టుకోగల శక్తినే ఆ జబ్బు ముందు తినేస్తుంది. ఇంకా పట్టనివాళ్లకు, ముఖ్యంగా విద్యార్థులకు, మన షరియత్ చెప్పినదే లెక్కకూ సరిపోతుంది: మొదటి రూపాయి పెట్టకపోవడం.

దివ్య ఖుర్ఆన్‌లో బఖర సూరా 219వ ఆయతులో మైసిర్ ప్రస్తావన వచ్చినప్పుడు, అందులో కొన్ని లాభాలున్నాయని ఒప్పుకుంటూనే పాపం వాటికంటే పెద్దదని అల్లాహ్ తెలియజేశాడు. ఆ లాభాలేమిటని చూస్తే ముఫస్సిర్లు చెప్పినది దాతలకు ఆసక్తిగా ఉంటుంది. అజ్ఞాన కాలంలో అరబ్బులు ఒంటెను కోసి, బాణాలతో చీట్లు వేసి వాటాలు తేల్చేవారు. గెలిచినవారు ఆ మాంసాన్ని తాము తినకుండా పేదలకు పంచి, దాన్ని గొప్పగా చెప్పుకునేవారు. పేదవాడి పేరు మీద నడిచిన జూదం అన్నమాట. దానధర్మం దాన్ని కాపాడలేకపోయింది. మాయిదా సూరా 90, 91 ఆయతుల్లో పూర్తి నిషేధం వచ్చింది. వైరం పుట్టించడం, నమాజు నుంచి మరల్చడం అనే రెండు కారణాలూ అక్కడే ఉన్నాయి. రెండింటినీ ఆ ఇంట్లో చూశాను.

మరి జకాత్ సంగతి?

తౌబా సూరా 60వ ఆయతులో జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాల్లో అప్పులపాలైనవారు, గారిమీన్, ఉన్నారు. రెండోసారి ఆ కుర్రవాడి విషయం కమిటీ ముందుకు వచ్చినప్పుడు వాదన గట్టిగానే జరిగింది. "జూదగాడికి ఒక్క పైసా ఇవ్వొద్దు" అన్నారు ఒకరు. "అప్పులవాళ్లు ఇంటిమీద పడుతున్నారు, పసిబిడ్డ ఉంది" అన్నారు ఇంకొకరు. ఇద్దరూ సరిగానే మాట్లాడారు, అందుకే నిర్ణయం కష్టమైంది. చివరకు ఆలిమ్ సాబ్‌ను అడిగాం.

ఆయన చెప్పినది నాకు అర్థమైనంతవరకు ఇది. పాపకార్యం కోసం చేసిన అప్పుకు, ఆ మనిషి నిజంగా తౌబా చేసి మానుకున్న తర్వాతే గారిమీన్ వాటా అని పలువురు ఫుఖహాలు అన్నారు. ఇస్తే అతని అనుమతితో నేరుగా అప్పిచ్చినవాళ్లకే చెల్లించవచ్చు. భార్యా పిల్లలు పేదలైతే వాళ్లు తమంతట తామే హక్కుదారులు, అతని తప్పు వాళ్ల వాటాను ఆపదు. మీలో ఎవరైనా సొంతంగా ఇస్తున్నట్టయితే మీ ఆలిమ్‌ను అడిగి ఇవ్వండి, ఇంటింటి పరిస్థితీ వేరుగా ఉంటుంది.

తర్వాత అప్పులన్నీ ఒక కాగితం మీద రాయించాం. ఇది అన్నింటికన్నా కష్టమైన పని. మొదటిరోజు 1,40,000 అన్నాడు, నాలుగో రోజుకు 2,86,000 తేలింది. రాస్తుంటే అవి అన్నీ ఒక రకం అప్పులు కావని తెలిసింది. అందులో 62,000 బుకీకి ఇవ్వాలన్నది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 30వ సెక్షను ప్రకారం పందెం ఒప్పందం చెల్లదు, గెలిచిన సొమ్ము ఇప్పించమని కోర్టుకెక్కే హక్కు ఎవరికీ లేదు. షరియత్‌లోనూ అది బాకీ కాదు. దాన్ని కొట్టేశాం. బెదిరిస్తే పోలీసులకు చెబుతామని ఇద్దరు పెద్దమనుషులు వెళ్లి చెప్పారు. ఆ తర్వాత ఫోన్లు తగ్గాయి. స్నేహితుల దగ్గర, మేనమామ దగ్గర తీసుకున్నది నిజమైన అప్పు, అది వాడే నెలనెలా సంపాదించి తీర్చాలి. గాజుల తాకట్టు ఉంది. మిగిలినవి యాప్ అప్పులు.

యాప్ అప్పుల విషయంలో ఒకటి తెలుసుకోండి. వసూలు ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన. ఫోనులోని కాంటాక్టులు, ఫొటోలు యాప్ తీసుకోకూడదని కూడా 2022లో చెప్పింది. భార్య ఫొటో మార్ఫింగ్ చేసి బంధువులకు పంపుతామని బెదిరిస్తే అది నేరం. 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయాలి. భయపడి కట్టినకొద్దీ అడుగుతూనే ఉంటారు.

ఈసారి కమిటీ అతని చేతికి ఏమీ ఇవ్వలేదు. పాప స్కూలు ఫీజు స్కూలుకే కట్టింది. ఆరు నెలల సరుకులు భార్య పేరిట కిరాణా కొట్టులో రాయించింది. గాజులు విడిపించి తల్లికి ఇవ్వాలా వద్దా అన్నది చాలాసేపు తేలలేదు. చివరకు విడిపించి, ఆమె సమ్మతితోనే ఆమె చెల్లెలి ఇంట్లో పెట్టించాం.

ఎక్కడికి వెళ్లాలి

మొదటి మెట్టు 14416. టెలి మానస్ అనే ఈ ప్రభుత్వ ఫోన్ సేవ 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది. రాత్రీ పగలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. బాధపడుతున్నవాడే చేయాలని లేదు, తల్లి చేయవచ్చు, భార్య చేయవచ్చు. ఈ కథలో మొదట ఫోన్ చేసింది తలుపు చాటున నిలబడ్డ ఆ అమ్మాయే. మా ఇంట్లో, నా ఫోనులో, అరగంట మాట్లాడింది. పెళ్లయిన తర్వాత అంతసేపు ఎవరైనా తన మాట వినడం అదే మొదటిసారని తర్వాత చెప్పింది.

రెండో మెట్టు మానసిక వైద్యుడు. ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో సైకియాట్రీ విభాగం ఉంటుంది. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖపట్నంలో ఇందుకోసమే పెద్ద ప్రభుత్వ ఆసుపత్రులున్నాయి. బెంగళూరు నిమ్హాన్స్‌లో ఫోను, ఆన్‌లైన్ వ్యసనాల కోసం 2014 నుంచి ప్రత్యేక క్లినిక్ నడుపుతున్నారు, రాయలసీమవాళ్లకు అది దగ్గరే. "ఎర్రగడ్డ" అన్న పేరే మన నోట తిట్టుగా మారింది. పెళ్లిసంబంధాలు చెడతాయని భయపడి కుటుంబాలు ఆగిపోతున్నాయి. రహస్యంగా ఉంచాలనుకుంటే కనీసం ఊరు మార్చి చూపించండి, చూపించకుండా మాత్రం ఉండకండి.

వైద్యం అంటే ఎక్కువభాగం మాటలే. ఆడాలన్న కోరిక ఏ వేళ, ఏ పరిస్థితిలో వస్తోందో గుర్తించడం, అది వచ్చిన అరగంట ఎలా దాటించాలో సాధన చేయడం, "ఈసారి తప్పక వస్తుంది" అన్న ఆలోచనను లెక్కతో పరీక్షించడం. దిగులు, నిద్రలేమి ఉంటే వాటికి మందులిస్తారు. కోరికను తగ్గించే మందు కూడా కొందరికి రాస్తారు. మళ్లీ ఒకటి రెండుసార్లు జారిపోవడం మామూలేనని డాక్టరు ముందే చెప్పాడు, ఆ మాట మా కమిటీకి చాలా ఉపయోగపడింది.

ఇంట్లోవాళ్లు చేయగలిగినవీ ఉన్నాయి. జీతం భార్య ఖాతాలో పడేలా చేయడం, ఫోనులోంచి యూపీఐ తీసేయడం, రోజు ఖర్చు చేతికివ్వడం, ఎవరూ అప్పివ్వొద్దని బంధువులకు ముందే చెప్పడం. చివరిదానికి సిగ్గుపడతారు. ఆ సిగ్గు మీదే జూదం బతుకుతుంది.

ఒకటి మాత్రం ఆలస్యం లేకుండా చూడాలి. "నేను లేకపోతే అందరూ బాగుంటారు" లాంటి మాట వస్తే అది ఉత్తుత్తి బెదిరింపని కొట్టిపారేయకండి. ఆ రాత్రి మనిషిని ఒంటరిగా వదలొద్దు. వెంటనే 14416కి చేయండి, ప్రమాదం కనిపిస్తే 108కి చేసి ఆసుపత్రికి తీసుకెళ్లండి. కేసవుతుందన్న భయంతో ఆగకండి. ఆత్మహత్యకు ప్రయత్నించినవారిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవారిగా చూడాలని, శిక్షించకూడదని 2017 మానసిక ఆరోగ్య చట్టం చెబుతోంది.

దరఖాస్తు ఫారంలో ఈ ఏడు ఒక మార్పు చేయమని కమిటీని అడిగాను. "అప్పు ఎందుకైంది" గడిలో ఆసుపత్రి, పెళ్లి, వ్యాపారం పక్కన "ఆన్‌లైన్ ఆటలు, పందేలు" అని కూడా అచ్చు వేయాలని. రాసే చోటుంటే కొందరైనా రాస్తారు. అలా రాసినవారికి డబ్బు కంటే ముందు ఒక మనిషి తోడు వెళ్లాలి. అందుకు దారిఖర్చులకు, డాక్టరు ఫీజుకు కొంత సొమ్ము సదఖా నుంచి విడిగా ఉంచాలని కూడా కోరాను. మన ప్రవక్త (స) హదీసు ఒకటి బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది. తోటివాడిని జూదానికి రమ్మని నోటితో పిలిచినవాడు సైతం సదఖా ఇవ్వాలని ఆయన ఆదేశించారు. పిలుపుకే అంత ఉంటే, మునిగినవాడిని పైకి లాగడానికి మన సదఖాలో ఒక వాటా ఉండటం తగునని నా అభిప్రాయం. కమిటీ ఇంకా ఆలోచిస్తోంది. దాతలుగా మీరు ఒక మాట చెబితే తేలిపోతుంది.

ఆ కుర్రవాడు ఇప్పుడు బటన్ల ఫోను వాడుతున్నాడు. పని పిలుపులు దానికే వస్తాయి. ఒకసారి జారాడు, 3,000 పోయాయి. ఆ సాయంత్రమే భార్యకు చెప్పాడు. మేనమామకు ఇంకా 18,000 ఇవ్వాలి. ఐపీఎల్ మొదలయ్యే వారం డాక్టరు దగ్గరికి ముందుగానే వెళ్లిరావాలని తనే అడిగాడు. బస్సు చార్జీలు సొసైటీ ఇచ్చింది, టికెట్లు తల్లి దగ్గర ఉన్నాయి.